కళ్లు మూసుకుని కొలిచిన వైరు

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. రేపు పొద్దున పదింటికి సొంత పాటల రికార్డింగు. మూడు నెలలు ఎదురుచూసి చేయించుకున్న ఎలక్ట్రిక్ గిటారు నిన్ననే చేతికొచ్చింది, వాయిస్తే ఒక్క స్వరం కుదురుగా నిలబడదు. గిటారు మెడమీద అడ్డంగా ఉండే మెట్లకి ఎత్తు తక్కువున్న పొట్టి ఫ్రెట్ వైరు వెయ్యమని చిలక్కి చెప్పినట్టు చెబితే, వెదికి వెదికి అన్నిటికంటే ఎత్తు వైరు దిగ్గొట్టాడు మేస్త్రి. నిలదీద్దామని వస్తే షాపుకి తాళం వేసుంది, ఆయన లేడు. ఎదురుగా తన బావమరిది టీ కొట్టులో బెంచీమీద బైఠాయించి, ఆవిడ చేతిలో గిటారు పెట్టె చూడగానే, ఆవిడ నోరు తెరవకముందే అందుకున్నాడు.

"వైరు సైజు నాకే చెబుతారా! కళ్లు మూసుకుని పట్టుకుంటే వెంట్రుకలో సగం తేడా చెప్తానమ్మా. కొలిచే పరికరం అటకమీద తుప్పు పట్టిపోయింది, కావాలంటే వీణ్ణడగండి."

"మీ షాపుకి అటక లేదు బావా," అన్నాడు గ్లాసులు కడుగుతున్న బావమరిది.

"నువ్వు నోర్ముయ్యి! ఇలాగే ఒకడొచ్చి పొట్టి వైరే కావాలని మొండికేశాడు. నాకు తిక్కరేగి ఎత్తుది వేసిచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలు జానెడు దూరంలో ఉండగానే తీగ మోగింది! ఇంకోడికి ఇంకాస్త ఎత్తు వేశా. వాడు జ్వరమొచ్చి పడుకుంటే, గిటారే వెళ్లి కచేరీ చేసి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చింది!"

"బస్సులోనా, నడిచా?" అన్నాడు బావమరిది.

"నవ్వావంటే చంపుతా! మూడోవాడి కోసం వైరు ఆరుబయట పరిచి, అలా లోపలికెళ్లి వచ్చేసరికి దానిమీద రైలు ఆగుంది! పట్టాలనుకున్నాట్ట డ్రైవరు. ఇంత నున్నటి పట్టాలు జన్మలో చూళ్లేదు సార్, వెనక్కి వెళ్లబుద్ధి కావట్లేదని నా కాళ్లమీద పడి ఏడ్చాడు. అలాంటి నాకు..."

ఆవిడ పెట్టె తెరిచి, గిటారు ఒళ్లో పెట్టుకుని, ఎప్పట్లాగే గట్టిగా నొక్కి మీటింది. స్వరాలన్నీ పైకి జారి కీచుమన్నాయి.

"అదేంటి, అలా ఏడుస్తోంది?" అన్నాడు బావమరిది.

"మెల్లిగా నొక్కాలమ్మా," అన్నాడు మేస్త్రి.

"పదిహేనేళ్లుగా ఇలాగే నొక్కుతున్నా! మెట్టు ఎత్తుగా ఉంటే నా నొక్కుడికి తీగ సాగి స్వరం పైకి పోతుంది. అందుకే పొట్టిది అడిగా. ఆరుసార్లు మీ షాపుకొచ్చాను మేస్త్రిగారూ, ఒక్కసారైనా ఏదీ వాయించు చూద్దాం అన్నారా? కళ్లు మూసుకుని వైరు కొలుస్తారు సరే, నా చెయ్యి చూడ్డానికి కళ్లు తెరవలేకపోయారా?"

మేస్త్రి టీ గ్లాసు చేతిలో పట్టుకునే, కాయలు కాసిన ఆవిడ వేళ్లకేసి మొదటిసారి చూశాడు.

"తాళం తియ్యండి. ఆ ఎత్తంతా ఆకురాయితో అరగదియ్యండి. పక్కనే కూర్చుని వాయిస్తా, ఈసారి చూసి చెయ్యండి."

బావమరిది ఆయన చేతిలో గ్లాసు లాక్కున్నాడు.

"లే బావా," అన్నాడు, "నీ రైలు వెళ్లిపోయింది."