పక్కపొంటి తాడు

గనిలో బొగ్గు మోసే బెల్టు నడిపే కార్మికుడు లారీ బ్యాటరీ, కారు ఫ్యాన్ మోటరు కట్టి సొంతంగా చేసుకున్న కరెంటు సైకిల్‌ను గోదావరిఖని బజారులోని మెకానిక్ ముందు పడేసిండు. చక్రంలో ఒక తాడు, తడి చీర చిక్కుకొని ఉన్నాయి.

"సైకిల్ తెమ్మంటే చీర తెచ్చినవేంది కాకా?"

"నవ్వకు భాయ్. హ్యాండిల్ రేసు వదిలినా ఉరుకుడే!"

"ట్రాన్సిస్టర్ మాడింది. అది మాడి అతుక్కుంటే కరెంటు బందుగాదు, మోటరు ఆగదు. దానికి వేడి తగలొద్దని అల్యూమినియం రేకు బిగించిన గద, ఏది?"

"మీ చిన్నమ్మ దాని మీద రొట్టెలు కాలుస్తున్నది."

"శభాష్! మరి ఎట్ల ఆగినవు?"

"బ్రేకు రబ్బర్లు ఊడినయి. పక్కపొంటి తాడు కనవడ్డది, గుంజిన."

"ఏం తాడు?"

"ఇరవయ్యేండ్ల సంది బెల్టు ఆపాలంటే పక్కనున్న తాడు గుంజుడే. అది లిడియా టీచరమ్మ బట్టలారేసే తాడని నా చెయ్యికేం ఎరుక?"

"ఆగినవా?"

"ఆగిన. నేను, నాలుగు చీరలు, ఒక కోడి, అందరం మురికి మోరీల పడి ఆగినం."

"ఇగ డ్యూటీకి నడిచిపో."

"ఈ మోకాళ్లతోనా? సార్లకు జీపులున్నయి, నాకు గిదే ఉన్నది. రేపు ఫస్టు షిఫ్టు తప్పితే నాగానే, జీతం కోతే. జల్ది చెయ్యి."

మెకానిక్ కొత్త ట్రాన్సిస్టర్, బ్రేకు రబ్బర్లు వేసిండు. బ్యాటరీ తీగకు తాడు కట్టి హ్యాండిల్ దాకా తెచ్చిండు.

"రేకు ఇంటికెళ్లి తెచ్చి బిగించు. మళ్ల ఉరికితే గిది గుంజు, తీగ ఊడి మోటరు ఆగుతది."

"అచ్చం మా బెల్టే! తాడు గట్టిగున్నది, యాడిది?"

"నీ చక్రంలదే. టీచరమ్మకు నువ్వే చెప్పుకో."