బావి గట్టు మీద ఖాళీ చోటు

ఇదేంది కృపాదానం? గాజు పలక మీద బావి గీశావు, గిలక గీశావు, చేంతాడుకు పురి కూడా తిప్పావు. మరి కామందు ఏడీ? గట్టు మీద మనిషి ఉండాల్సిన చోట ఒట్టి గాజు! సాయంత్రం గురజాలలో కూలీల సభ పెట్టుకుని, భూస్వామి లేని భూస్వామ్యాన్ని చూపించమంటావా?

నవ్వమాక. నీ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుద్ది.

ఎంత మొత్తుకున్నా నీ దగ్గర! కళ ప్రజల చేతిలో ఆయుధం అన్నా. తటస్థంగా ఉండేవాడు పీడకుడి పక్షమే అన్నా. అన్నిటికీ "అట్టాగేనండీ చినబాబుగారూ" అన్నావు. నేను కామ్రేడ్ అంటా, నువ్వు చినబాబుగారూ అంటావు! ఇట్టాంటి మనిషిని పెట్టుకుని నేను విప్లవం తేవాలంట!

నీకేం తక్కువని? గాజు పలకల మీద రంగుల బొమ్మలేస్తావు. లాంతరు పెట్టెలో దూర్చి ఒక్కోదాన్ని పంచె తెర నిండా పరుస్తావు. హార్మోనీ నీదే, పాట నీదే, గొంతూ నీదే. ఇన్ని విద్యలు పెట్టుకుని ఏం చేశావయ్యా? ఊరూరా తిరిగి సిలువ చూపించావు. ఏడ్చేవాళ్లను ఇంకాస్త ఏడిపించావు.

మంచి శుక్రవారం నాడు నీ ప్రదర్శన చూశాలే. సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటలకూ ఒక్కో బొమ్మ వేస్తా వచ్చావు. "దప్పిగొనుచున్నాను" అనే మాట రాగానే ఏం చేశావు? దీపానికి మూత పెట్టావు. తెర నల్లబడింది. హార్మోనీ ఆగింది. చీకట్లో కుండలోంచి నీళ్లు పోస్తున్న చప్పుడు. అంతే! పోస్తా ఉన్నావు, పోస్తా ఉన్నావు. నా పక్కన కూర్చున్న మీ పేట ముసలమ్మ ఎలిజబెత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జనమంతా ఒకటే వెక్కిళ్లు. నాకు మాత్రం అసహ్యమేసింది. శుద్ధ భావవాదం!

ఎందుకంటే ఆ నీళ్లు ఎవరికో నాకు తెలుసు. యేసుకు కాదు. సుందరికి. నీ పెళ్లానికి.

ఆమె చనిపోయిన ఎండాకాలం నేను గుంటూరులో చదువుకుంటున్నా. ఊరికొచ్చాక విన్నా. మిరపచేలో నుంచి జొరంతో వచ్చి, ఖాళీ కుండ పక్కన పెట్టుకుని నువ్వు గీసిన ఈ బావి గట్టు కింద కూర్చుందంట. మీవాళ్లు చేంతాడు ముట్టుకోకూడదు గదా! పైకులపోళ్లు ఎవరో ఒకరు తోడి పోసిందాకా కూర్చోవాలి. "కాసిని పొయ్యండయ్యా" అంటా కూర్చుంది. గట్టు మీద ఒక మనిషి నిలబడి ఎడ్లకు తోడుకుంటానే ఉన్నాడు. పొయ్యలా. నువ్వొచ్చేసరికి ఆమె మెడ వాల్చేసింది.

అంత జరిగితే నువ్వు చేసిందేంది? చీకటి చేసి నీళ్లు పోసుకోవటం! కోపాన్ని ప్రార్థన చేసుకున్నావు. చావును పాట చేసుకున్నావు. ఆ మనిషి పేరు మాత్రం ఏ ఊళ్లోనూ ఎత్తలా. క్షమించావా? భయపడ్డావా? చెప్పవు. నీ నోరు పాటకే గానీ మాటకు తెరుచుకోదు.

ఆ పేరు నేనంటా, విను. రాఘవయ్య. మా నాన్న. అయితే ఏంది? సొంత వర్గాన్ని బజారుకీడ్చటానికి కన్నకొడుకును నేనే సిద్ధపడితే, మధ్యలో నీకెందుకయ్యా వణుకు?

ఇటియ్యి కుంచె. ఇయ్యవయ్యా! నేనే వేస్తా.

నాన్న ఏనాడూ ఫోటో తీయించుకోలా. సరే, ఆ గోడనున్న అద్దం ఇటు జరుపు. నా ముక్కు, నా గడ్డం పెడతా, కింద బారు మీసం తగిలిస్తా. ఊరంతా నన్ను మా నాన్న పోలికంటారు గదా, ఇందుకన్నా పనికిరానీ! ఇదిగో తలపాగా. ఇదిగో చేతిలో చేద. ఏం, బాగా రాలేదా? నీ దేవదూతల కంటే నయమే.

రంగు ఆరందే లాంతర్లో పెట్టొద్దంటావా? నాకు చెప్పమాక. ఇంకెంతసేపు ఆగాలి? వేల ఏళ్లు ఆగారు మీరు, చాలదూ? తలుపులు మూసి లాంతరు వెలిగించు.

అదిగో! చూశావా, గోడ నిండా ఎట్టా నిలబడ్డాడో! చూడు ఆ పొగరు, ఆ కళ్లు! ఇది చూశాక కూలోడు ఇంటికెళ్లి నిద్రపోతాడా?

ఏందది? మీసం కారుతోందేంది? దీపం వేడికా?

తలపాగా కూడా జారుతోంది. తియ్యి, పలక తియ్యి... వద్దు, ఉండు. ఉండనీ.

మీసం పోయాక ఇంకేం మిగిలిందక్కడ? నేనే. బావి గట్టు మీద చేద పట్టుకుని, నీ ఇంటి గోడంత, నేనే నిలబడ్డా.

ఇందుకేనా నువ్వు ఖాళీగా వదిలింది?

వద్దులే. మాట్లాడితే మళ్లీ చినబాబుగారూ అంటావు.

ఆ కుంచె ముట్టుకోమాక. మీసం దిద్దొద్దు. సాయంత్రం ఇదే పలక వేస్తాం, ఇట్టాగే. నవ్వేవాళ్లను నవ్వనీ. మా నాన్నకు తెలిస్తే తెలవనీ. తలుపు తెరువు, ఉక్కపోస్తోంది.

గొంతెండుకుపోయింది. ఆ కుండలో నీళ్లున్నాయా? లోటా వెతకమాక, ఇదిగో, దోసిలి పట్టా.

పొయ్యి కృపాదానం.

ఏందట్టా చూస్తావు? భక్తీ లేదు, గిక్తీ లేదు. దాహమేస్తోంది, అంతే.