వెల్డింగు మేష్టారి సంబంధం

"తాతయ్యా, స్టవ్వు వెలిగించేటప్పుడు కూడా నాన్న ‘కళ్ళు!’ అని అరుస్తారేంటి?"

ఇవాళా అరిచేడా? ఉండవే, నవ్వించకు. ఆపరేషనైన కన్ను, ఎక్కువ నవ్వొద్దని డాక్టరు గారన్నారు. అన్నారో లేదో గానీ మీ అమ్మ అలా చెప్పింది. ఆ చుక్కల సీసా కింద పెట్టి కూర్చో, చెప్తాను.

మీ నాన్న అప్పుడు రాజమండ్రిలో ఓ కాలేజీలో వెల్డింగు నేర్పే మేష్టారు. తను నేర్చుకున్నదీ అక్కడే. కాలేజీ అంటే నువ్వెళ్ళేలాంటిది కాదమ్మా, పుస్తకాలు తక్కువ, ఇనుము ఎక్కువ. ఫిట్టింగు, వెల్డింగు, మోటార్లు చుట్టడం, అలాంటివన్నమాట. మీ అమ్మ డిగ్రీ పరీక్షలు రాసిన ఏడు, మీ అమ్మమ్మ తమ్ముడు తెచ్చేడు ఈ సంబంధం. మీ అమ్మమ్మకి వెంటనే నచ్చేసింది. మీ అమ్మేమో అబ్బాయి ఫోటో చూసి ఏమీ అనలేదు. అనలేదంటే నచ్చినట్టే, తెలుసుగా దాని సంగతి.

నాకే నచ్చలేదు. ఎందుకంటావా, మన కొవ్వూరు రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుండేది. అక్కడ వెల్డింగు చేసే అతనికి ఎప్పుడూ కళ్ళెర్రగా నీళ్ళు కారుతుండేవి. పెద్ద వయసేం కాదు, అయినా గొంతు వింటేగానీ మనిషిని పోల్చుకునేవాడు కాదు. వెల్డింగు చేస్తే చూపు పోతుందని ఊళ్ళో అందరూ అదే మాట. మా అమ్మకి, అంటే మీ అమ్మకి నాన్నమ్మ, ఆవిడకి చివర్లో చూపు పోయింది. నేనే చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసికెళ్ళేవాణ్ణి, అన్నం కలిపి పెట్టేవాణ్ణి. అమ్మ గనక చేసేను గానీ, చాలా కష్టం తల్లీ. నా ఒక్కగానొక్క కూతురు జన్మంతా మొగుణ్ణలా నడిపించాలా అని భయం. భయమే, మరింకేం కాదు.

"ముందు ఆ అబ్బాయి కళ్ళు చూసొస్తాను, తర్వాతే పెళ్ళిచూపులు" అని బస్సెక్కేను. అప్పట్లో బ్రిడ్జి దాటడానికి టిక్కెట్టు రెండు రూపాయలో, మూడో... కాదు, అంతకన్నా తక్కువే. పోనీలే.

పెద్ద రేకుల షెడ్డు. వేడి, పొగ. ఒక పక్క పిల్లలు ఇనప ముక్కల మీద రాడ్డుతో ఊరికే గీతలు వేస్తున్నారు, ఇంకోపక్క పైన పట్టిన నల్లటి పెంకు సుత్తితో రాలగొడుతున్నారు. బాగా వచ్చినవాడి గీత మన నాటు వరసలా ఉంది, రానివాడిది కోడి గెలికినట్టుంది. రాడ్డు ముట్టించే ముందు ప్రతివాడూ "కళ్ళు!" అని అరుస్తున్నాడు. అరవగానే చుట్టూ ఉన్నవాళ్ళు మొహం తిప్పేసుకుంటున్నారు. మీ నాన్న పెట్టిన పద్ధతంట అది. అరవడం మర్చిపోతే ఆ రోజుకి వాడి చేతిలో రాడ్డుండదు.

నేనెవరో చెప్పగానే మీ నాన్న నమస్కారం పెట్టేడు. పిల్లలకి ఏదో చూపించాలని తనే రాడ్డు తీసుకున్నాడు. "కళ్ళండీ! మీరు అటు తిరగండి" అన్నాడు. నేను తిరుగుతానా? నేనొచ్చిందే అతని కళ్ళు చూడ్డానికి, అవేమో నల్లద్దం వెనకాల ఉన్నాయి. అద్దం ఎప్పుడు తీస్తాడా అని ఆ మెరుపు వెలుగులోకే కన్నార్పకుండా చూస్తూ నించున్నాను.

తెల్లారేసరికి చూడాలీ నా అవస్థ! కళ్ళలో గుప్పెడు ఇసక పోసి రుద్దినట్టుంది. రెప్ప తెరిస్తే నీళ్ళే నీళ్ళు. నా పని అయిపోయిందనుకున్నాను. "చూసేవా, నేను ముందే చెప్పలేదూ, ఈ సంబంధం వద్దు" అని మీ అమ్మమ్మ మీద కేకలు. మీ అమ్మ తడిగుడ్డ తెచ్చి కళ్ళ మీద వేసి కూర్చుంది.

కాస్త పొద్దెక్కేక వాకిట్లో సైకిలు చప్పుడు. మీ నాన్న. నేను చూడ్డం తను చూసేడంట. కళ్ళ డాక్టరు గారి దగ్గరికెళ్ళి సంగతి చెప్పి, చుక్కలు రాయించుకుని బ్రిడ్జి మీదుగా తొక్కుకుంటూ వచ్చేడు. "చూపేం పోదండీ, రేపటికి తగ్గిపోతుంది. తగ్గకపోతే మాత్రం డాక్టరు గారికి చూపించాలి" అన్నాడు. ఆ ట్రాక్టరు షెడ్డు మనిషి సంగతడిగేను. "అద్దం లేకుండా ఏళ్ళ తరబడి చేస్తే ఏ కళ్ళు నిలుస్తాయండీ. అందుకే మా పిల్లలకి మొదట అరవడం నేర్పుతాను, ఆ తర్వాతే అతకడం" అన్నాడు.

గుడ్డ తీసి, "కళ్ళండీ" అని చెప్పి మరీ చుక్క వేసేడు. ఎంత చల్లగా ఉందో! మళ్ళీ గుడ్డ కప్పేసేడు. మీ అమ్మ మజ్జిగ తెచ్చినట్టుంది, గ్లాసు చప్పుడైంది. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరే! ఆ కాసేపట్లో వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పెళ్ళిచూపులు నా కళ్ళెదురుగానే అయిపోయేయి, చూడనివాణ్ణి నేనొక్కణ్ణే.

అతను వెళ్ళేక మీ అమ్మ మెల్లిగా అంది, "అటు తిరగమన్నారు కదా నాన్నా ఆయన, తిరగొచ్చుగా" అని. ముందురోజు దాకా ‘ఆ అబ్బాయి’, ఒక్క పూటలో ‘ఆయన’ అయిపోయేడు! ఇంక నేను చూడాల్సిందేముంది? గుడ్డ కళ్ళ మీద ఉండగానే సరేననేశాను.

మొన్న ఆపరేషనయ్యేక ఆసుపత్రి మెట్లు ఎవరు దింపేరు నన్ను? మీ నాన్నే కదూ. కూతురికెక్కడ ఆ పని పడుతుందోనని నేను భయపడితే, అల్లుడే నా చెయ్యి పట్టుకుని నడిపించేడు. దింపుతుంటే ఏడుపొచ్చింది నాకు. మందు మంట అని చెప్పేననుకో, అతనితో అనకు.

సరే, టైమైందా? వెయ్యి మరి... అయ్యో, చెప్పకుండా వేసేశావేంటే! మీ నాన్న కూతురివై ఉండి ‘కళ్ళు’ అనొద్దూ? ఆఁ... చల్లగా ఉంది. నువ్వూ చల్లగా ఉండు తల్లీ.