మధ్యలో ఎవరో

2009 ఆగస్టు. ఇబ్రహీంపట్నంలో, థర్మల్ స్టేషన్ బూడిద మోసే లారీలను తూచే కాటా దగ్గర లక్ష్మీకాంత్ పొద్దుటి నుంచి ఇరుక్కుపోయి ఉన్నాడు. అతను రాసిన ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వేశాక తూకం చీటీలు ప్రింట్ కావడం మానేశాయి. అందుకు కావలసిన ప్యాకేజీ ఒకటి నెట్ నుంచి దింపుకోవాలి. కాటా దగ్గర నెట్ లేదు; పక్కన కాటా గుమాస్తా రత్తయ్య ఒక్కడే ఉన్నాడు. పటమటలోని ఆఫీసు నుంచి అతని జూనియర్ జుబియా ఫోన్లో ఉంది.

“మళ్ళీ అదే వచ్చిందండీ. దిగడం మొదలవుతుంది, ఆగిపోతుంది.”

“ఏమంటోంది? ఉన్నది ఉన్నట్టు చదువు జుబియా.”

“సర్టిఫికెట్ ఎర్రర్ అండీ. అవతలి వాళ్ళ సర్టిఫికెట్‌ని నమ్మలేను, ఇన్‌స్టాల్ చెయ్యను అంటోంది.”

“రాకూడదే.”

“ఏంటండీ?”

“నీ సిస్టంలో ఆ ఎర్రర్ రాకూడదు.”

“నా సిస్టంలో ఎందుకు రాకూడదండీ?”

“అంటే... మామూలుగా రాదు కదా అని. రత్తయ్యా, ఆ డ్రైవర్ని హారన్ ఆపమను, ఏమీ వినపడ్డం లేదు. ఆఁ, చెప్పమ్మా. తేదీ చూశావా? కంప్యూటర్లో తేదీ తప్పుంటే కూడా సర్టిఫికెట్ చెల్లదంటుంది.”

“చూశానండీ. తేదీ సరిగ్గానే ఉంది. టైమూ సరిగ్గానే ఉంది.”

“అయితే ఒక పని చెయ్. చెక్ చెయ్యొద్దు అని చెప్పే ఆప్షన్ ఒకటుంటుంది. అది పెట్టి మళ్ళీ కొట్టు. దిగిపోద్ది.”

“చెక్ చెయ్యకుండానా?”

“అవును.”

“నేను చేరినప్పుడు మీరే చెప్పారు కదండీ, దాని జోలికి వెళ్ళొద్దని. సర్టిఫికెట్ అంటే అవతలి సైటు చూపించే గుర్తింపు కార్డు, కార్డు చూడకుండా తలుపు తీస్తే ఎవడొచ్చినా తెలీదన్నారు.”

“చెప్పాను. కాదన్లేదు. ఇక్కడ లారీలు రింగు సెంటర్ దాకా ఆగిపోయాయి జుబియా. ఇవాళ్టికి కానియ్.”

“కార్డు మీద ఎవరి సంతకం ఉందో చూశానండీ.”

“ఎందుకు చూశావు?”

“ఎర్రరొస్తే చూడాలి కదండీ.”

“అవన్నీ ఇప్పుడెందుకమ్మా. ఆప్షన్ పెట్టు.”

“ఇచ్చినవారు, వీకేఆర్ గేట్‌వే అనుంది. వీకేఆర్ అంటే మన కంపెనీయే కదండీ. వెంకటకృష్ణారావు గారే కదా. అవతలి సైటు ఏ దేశంలో ఉందో ఏమో. వాళ్ళ కార్డు మీద మన సారు సంతకం ఎందుకుంటుంది?”

“అది ఫైర్‌వాల్ అమ్మా. సారు రూంలో డబ్బా ఉంది చూడు, దాంది. వైరస్‌లు రాకుండా. దాని సంతకం బ్రౌజర్లో పెట్టేశాం కాబట్టి బ్రౌజర్ గొడవ చెయ్యదు. ఈ ఇన్‌స్టాల్ చేసే టూల్ ఉందే, దీనికి తను నమ్మే వాళ్ళ లిస్టు వేరే ఉంటుంది. అందులో మన డబ్బా లేదు. అందుకని ఒప్పుకోవడం లేదు. అంతే. చిన్న విషయం.”

“మరి శివపార్వతి సిస్టంలో రాలేదేంటండీ?”

“తనది కూడా చూశావా?”

“ఇందాక చూశాను. అదే ప్యాకేజీ. తనకి దిగబోతోంది, సంగతేంటో తేలాకే దింపుదామని సగంలో ఆపేశాను. కార్డు మీద అసలు వాళ్ళ సంతకమే ఉంది. మన డబ్బా పేరే లేదు.”

“...ఒక్కో సిస్టం ఒక్కోలా ఉంటుంది.”

“ఎందుకుంటుందండీ? అందరం ఒకే వైరు మీద ఉన్నాం కదా.”

“జుబియా, నువ్వసలే అమ్మగారి బయాప్సీ టెన్షన్లో ఉన్నావు. లేనిపోనివన్నీ బుర్రలో పెట్టుకోకు. ఆ ఆప్షన్...”

“ఎవరు చెప్పారండీ మీకు?”

“ఏంటి?”

“బయాప్సీ అని.”

“నువ్వే అన్నావు కదా. మొన్న లీవు పెట్టినప్పుడు.”

“జ్వరం అన్నానండీ.”

“బయాప్సీ అన్నట్టు గుర్తు.”

“మీకు జ్వరం అని చెప్పాను. శివపార్వతికి జ్వరం అని చెప్పాను. ఇంట్లో అబ్బాకి కూడా జ్వరమనే చెప్పాను, ఆయన గుండె జబ్బు మనిషి. మా అమ్మీకి ఏమిటో నాకు తెలుసు, ఆమెకి తెలుసు, డాక్టర్‌కి తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు. చెన్నైలో ఉన్న అన్నయ్యకి మెయిల్ రాశాను. అంతే. లక్ష్మీకాంత్ గారూ.”

“వింటున్నాను.”

“ఆ డబ్బా ఏం చేస్తుందండీ?”

“ఒక్క నిమిషం. రత్తయ్యా, వస్తున్నాను, నువ్వు చేత్తో రాసిచ్చి పంపించు కొంతమందిని. ...జుబియా, సాయంత్రం మాట్లాడుకుందాం.”

“ఇప్పుడే చెప్పండి. మీరు చెబితే గాని నేను ఆ ఆప్షన్ పెట్టను.”

“మధ్యలో కూర్చుంటుంది.”

“మధ్యలో అంటే?”

“నువ్వు మెయిల్ తెరిచావనుకో. నీకేమో నేనే ఆ మెయిల్ సైటుని అంటుంది. వాళ్ళకేమో నేనే జుబియాని అంటుంది. నువ్వు రాసింది ముందు తను విప్పుతుంది. చూసుకుని, మళ్ళీ అంటించి వాళ్ళకి పంపుతుంది. దాని సంతకం నీ బ్రౌజర్లో పెట్టేశాం కాబట్టి నీకేం తేడా తెలీదు.”

“నా బ్రౌజర్లో ఎవరు పెట్టారు? ఉగాది వెళ్ళాక ఓ రోజు మీరొచ్చి, లే జుబియా, స్పీడు పెంచుతాను అన్నారు. నా కుర్చీలో కూర్చున్నారు. ఏదో అడిగింది, మీరు యెస్ కొట్టారు. నేను వెళ్ళి మీకు టీ తెచ్చాను.”

“అవును.”

“అదేనా?”

“అదే. ఈ టూల్ లిస్టులో కూడా ఆ రోజే పెట్టాననుకున్నాను.”

“అప్పటి నుంచీ చదువుతున్నారా?”

“రోజూ కాదు. వారానికోసారి సారు రూంలో కూర్చుని చూసేవాణ్ణి. జుబియా, నా మాట విను. సారు అందరికీ పెడదామన్నారు. కాటా ప్రోగ్రామ్ మనదగ్గర్నుంచి బయటికి పోతుందేమోనని ఆయన భయం. ముందు నీతో మొదలెడదామన్నారు.”

“నాతోనే ఎందుకండీ?”

“కొత్తగా చేరావని.”

“నా తర్వాత శివపార్వతి చేరింది. తనకి పెట్టలేదు.”

“లేదు.”

“ఎందుకు పెట్టలేదని అడిగారా సార్ని?”

“అడిగాను.”

“ఏమన్నారు?”

“పేపర్లో రోజూ ఏవేవో వస్తున్నాయి కదా, మన జాగ్రత్తలో మనం ఉండడం మంచిది అన్నారు.”

“పేపర్లో ఏమొస్తున్నాయండీ?”

“నన్ను ఎందుకమ్మా అడుగుతావు.”

“సార్ని అడిగితే ఉద్యోగం పోతుంది. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఏమొస్తున్నాయి?”

“తెలుసు కదా నీకు. నా చేత అనిపించకు.”

“సరే. అనకండి.”

“నేను ప్రతిసారీ చెప్పాను జుబియా. ఏమీ లేదు సార్, ఇంట్లో విషయాలు తప్ప ఏమీ లేవు, ఇక తీసేద్దాం అని. ఒట్టేసి చెబుతున్నాను.”

“తియ్యలేదుగా.”

“ఏమీ లేదంటే జాగ్రత్తగా రాస్తోందేమో అన్నారు.”

“మా అన్నయ్యకి నేను రాసేది ఉర్దూ కదా. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఉర్దూయే. మీకెలా అర్థమైంది?”

“అర్థం కాలేదు. సగానికి పైగా అర్థం కాలేదు.”

“మరి బయాప్సీ?”

“ఆ మాట ఇంగ్లీషే కదా.”

“అవును. ఇంగ్లీషే.”

“అది చూసిన రోజే నేను సారు దగ్గరికెళ్ళి, ఆ అమ్మాయికి లీవు ఎప్పుడడిగితే అప్పుడివ్వండి అన్నాను. నువ్వడగ్గానే ఇచ్చారా లేదా?”

“ఇచ్చారు. సారు ఎంత మంచివారో అని ఇంట్లో చెప్పుకున్నాం.”

“నేనేం చెడు చెయ్యాలనుకోలేదు.”

“మీ పేరు కనపడిందాండీ అందులో?”

“...కనపడింది. ఒకట్రెండు చోట్ల.”

“ఏం రాశానో అర్థమైందా?”

“లేదు. నా మీద ఏదైనా కోపమేమో అనుకున్నాను. అడుగుదామనుకున్నాను కానీ, ఎలా అడుగుతాను?”

“చెప్పమంటారా?”

“వద్దులే.”

“చెబుతాను. చదవనే చదివారు, అర్థం తెలియకపోతే ఎలా. అన్నయ్య ఉద్యోగం మానేసి వచ్చేస్తానన్నాడు, అమ్మీకి ఇలా ఉందని తెలిసి. రావద్దు, ఆఫీసులో లక్ష్మీకాంత్ గారున్నారు, నువ్వు లేని లోటు లేకుండా చూసుకుంటారు, అవసరమైతే గుణదల నుంచి అర్ధరాత్రయినా పరిగెత్తుకొస్తారు అని రాశాను. హారన్ ఆగినట్టుందండీ అక్కడ.”

“జుబియా, నన్ను...”

“ప్యాకేజీ సంగతి చెప్పండి. డబ్బా మన ఆఫీసుదే కాబట్టి దొంగ సరుకేం రాదు, అంతేనా?”

“అంతే. అది నమ్మచ్చు.”

“అయితే చెక్ ఆపెయ్యడం ఎందుకండీ. డబ్బా సంతకాన్ని ఈ టూల్ నమ్మే లిస్టులో చేరిస్తే సరిపోద్ది కదా. అది పద్ధతి. చెక్ ఆపితే రేపు నిజంగా దొంగ వచ్చినా తెలీదు.”

“చేర్చచ్చు. ఆ ఫైలు ఎక్కడుంటుందంటే...”

“దొరికింది. చేరుస్తున్నాను. ...నన్ను చదివేవాణ్ణి నేను నమ్ముతున్నానని నా చేత్తో నేనే రాస్తున్నాను.”

“అలా అనకు.”

“దిగుతోంది. ...దిగింది. ఎర్రర్ లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఆఫీసు బాయ్ కృపానందం చేత బండి మీద పంపిస్తాను. చీటీలు వచ్చేస్తాయి, డ్రైవర్లకి చెప్పండి.”

“పంపు. జుబియా, నువ్వు మానెయ్యకు. అంటే, మానేస్తానంటే కాదనను, కానీ తొందరపడకు. అమ్మగారి మందులూ అవీ ఉంటాయి.”

“అవన్నీ మీకు తెలుసు కదా.”

“నేనూ ఇక్కడ ఉండను. నీకొక్కదానికే చెబుతున్నాను, ఎవరితోనూ అనకు. హైదరాబాద్‌లో ఒకళ్ళు మనలాంటి ప్రోగ్రామే చేస్తున్నారు, కాటాలకి. వాళ్ళతో మాట్లాడాను.”

“ఎప్పుడండీ?”

“మొన్నాదివారం. రెండు వారాల నుంచీ ఇంటి నుంచి ఇటే కాటాకి వస్తున్నాను కదా, ఆదివారం ఆఫీసులో ఎవరూ ఉండరని వెళ్ళి నా సీట్లో కూర్చుని రాశాను. రెజ్యూమె పంపాను. ఇక్కడేం చేశానో నాలుగు ముక్కలు, మన ప్రోగ్రామ్ శాంపిలు కొంచెం. వాళ్ళు అడిగారని. సారు గురించి కూడా ఉన్నదున్నట్టు రాశాను, అలాంటి మనిషి దగ్గర పని చెయ్యలేనని. చేరాక నిన్ను కూడా తీసుకోమంటాను.”

“ఆఫీసు నుంచి ఎందుకు రాశారండీ అవన్నీ?”

“ఇంట్లో నెట్ లేదుగా. అయినా నా సిస్టంకి ఏం భయం? ఆ డబ్బాలో ఎవరెవర్ని చూడాలో పెట్టేది నేనే.”

“మీరు కాటాకి వెళ్ళడం మొదలెట్టిన వారంలోనే, డబ్బా అమ్మినవాళ్ళు వచ్చి సారు రూంలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా ఉన్నారు. తర్వాత బయటికొచ్చి సిస్టంలు కూడా చూశారు.”

“సర్వీసింగ్‌కి వస్తూనే ఉంటారు. ఏడాదికి రాసుకున్నాం వాళ్ళతో.”

“లక్ష్మీకాంత్ గారూ.”

“చెప్పమ్మా.”

“పొద్దున్నే నా యూపీఎస్ కాలిపోయింది. అప్పట్నుంచీ నేను మీ సీట్లో కూర్చుని చేస్తున్నానండీ. ఈ ఎర్రరంతా మీ సిస్టంలోదే.”