దొరసాని ఊరి మందిరం

దక్షిణ కొరియాలో ఒక రేవు పట్నం. చర్చి వెనక వంటశాలలో చలికాలానికి కిమ్చి పచ్చడి పెడుతున్నారు. ఉప్పులో నానిన క్యాబేజీల గుట్టకి అటు అత్త మాల్‌సూన్, ఇటు ఆస్ట్రేలియా నించి మొన్ననే దిగిన కోడలు సూరిమ్.

"రెండు ముక్కలు చాలంటున్నానా! ఆదివారం ఆరాధన అవగానే లేచి, అక్కడ దేవుడి పని ఎంత బాగా జరుగుతోందో చెప్పి కూచో."

"ఈ క్యాబేజీకి ఉప్పు ఎక్కువ పట్టేసినట్టుంది అత్తయ్యా."

"పట్టలేదు. అది నా చేతి ఉప్పు. అడిగిందానికి జవాబు చెప్పు."

"శనివారం మీ అబ్బాయి దిగుతారుగా. ఆయనే చెప్తారు."

"వాడు ప్రసంగం చెప్తాడు. అది వేరే. పాస్టరుగా వాణ్ణి ఎన్నుకునే రోజున పెళ్ళాం కూడా నోరు విప్పాలి. లేకపోతే కోడలు ముంగి అంటారు."

"ముంగినే కదా."

"ఇంట్లో ముంగిగా ఉండు, నాకు హాయి. ఆ కారం ఆకాకుకీ మధ్యన పుయ్యి. పైపైన పూసేస్తే పాస్టరమ్మవి ఎట్లా అవుతావు?"

"పాస్టరమ్మలకి కిమ్చి పరీక్ష కూడా ఉందా?"

"దేవుడు పెట్టలేదు. మేం పెట్టాం. హాల్లో, వాడు అక్కణ్ణించి పంపిన ఫోటో చూశావా? పటం కట్టించాం. నేనే దగ్గరుండి అద్దం వేయించాను."

"చూశాను."

"ఏం చూశావు, చెప్పులు విప్పుకుంటూ చూసుంటావు. దగ్గరికెళ్ళి చూడు. బల్లలన్నీ నిండిపోయి గోడల వెంబడి నిలబడ్డారు జనం. ముసలాయన ఒకడు కళ్ళకి రుమాలు అడ్డం పెట్టుకుని వెక్కుతున్నాడు. తెల్లవాళ్ళు అంత తేలిగ్గా ఏడవరు. మావాడు ఏడిపించాడు!"

"ఏడ్చారు. అది మాత్రం నిజం."

"అది మాత్రం అంటావేం? మిగతాదేదో అబద్ధమైనట్టు."

"మాల్‌సూనక్కా! ఉప్పు రొయ్యల డబ్బా మీ వైపుందా?"

"ఇదుగో తోక్‌జా, తీసుకుపో. మూత పెట్టు, వాసన."

"అబ్బో, కోడలమ్మ కూడా చెయ్యి పెట్టిందే! ఏమ్మా, అక్కడ కంగారూలకి కూడా కిమ్చి తినిపించావా?"

"వాటికి కారం పడదండి."

"చూశావా అక్కా, మాటకి మాట! ఇంకేం, ఆదివారం చీటీలు వేయడం కూడా దండగే. ఆ కాలంలో హనోరా దొరసాని అక్కణ్ణించి ఓడెక్కొచ్చి మనకి సువార్త ఇచ్చింది. మన కుర్రాడు విమానమెక్కి పోయి దొరసాని పుట్టిన ఊరికే దాన్ని తిరిగిచ్చొచ్చాడు. ఇట్లాంటి పాస్టరు ఇంకే చర్చికి దొరుకుతాడు? వస్తానక్కా, అక్కడ ముల్లంగి తరగమంటే కబుర్లు తరుగుతున్నారు."

"విన్నావా? ఊరంతా అదే మాట. ప్రతి ఇంట్లో, ప్రతి పూటా, బియ్యం కడిగే ముందు ఒక చెంచాడు తీసి మందిరం సంచిలో పోశారు. ఆ బియ్యమే మిమ్మల్ని సముద్రం దాటించింది. వాళ్ళకి రెండు ముక్కలు చెప్పడానికి నీకు నోరు రాదు."

"అందుకే రావట్లేదు అత్తయ్యా."

"ఎందుకే?"

"కాస్త గొంతు తగ్గించండి. ఆ ఫోటో ఆఖరి ఆరాధనది."

"ఆఖరంటే? ఆ ఏటికా?"

"మందిరానికే. మర్నాడు తాళం వేశారు. వీడ్కోలు చెప్పడానికి ఊరంతా వచ్చింది. మామూలు ఆదివారాల్లో మేమిద్దరం, నలుగురైదుగురు ముసలమ్మలు. బంగారుతల్లులు, కేకులు చేసి తెచ్చేవాళ్ళు. ఒక్కొక్కరే పోయారు."

"ఊరుకో. వాడు ఫోటో వెనక తన చేత్తో రాశాడు. ఈరోజు ప్రభువు మందిరం నిండింది అని."

"నిండింది. ఆ రోజు."

"ఓరి నాయనో! అబద్ధం ఆడకుండానే ఎంత అబద్ధం ఆడాడే నా కొడుకు!"

"ఉన్నదున్నట్టు రాయమన్నాను. రాస్తే అమ్మ చేతిలో చెంచా ఆగిపోతుందన్నారు."

"ఆగదు. ఆగేదేమోలే. ఇంతకీ ఆ మందిరంలో ఇప్పుడేముంది?"

"ఒక జంట కొనుక్కుని కాపురం ఉంటున్నారు. ఎత్తైన కప్పు, రంగురంగుల కిటికీలు, ముచ్చటపడ్డారు. వేదిక ఉన్నచోట పొయ్యి పెట్టుకున్నారు."

"పొయ్యా! మరి దొరసానికి బాప్తిస్మం ఇచ్చిన చోటు?"

"స్నానాల గది."

"పోనీలే. నీళ్ళ సంబంధమైనా ఉంచారు."

"అత్తయ్యా!"

"నవ్వుతున్నానా నేను? అసలు వాళ్ళకి దేవుడితో ఏం తగువొచ్చింది?"

"తగువు లేదు, అదే బాధ. తగువుంటే మీ అబ్బాయి వాదించేవారు. ఏ తలుపు కొట్టినా మర్యాదగా లోపలికి పిలిచి, టీ ఇచ్చి, మా అమ్మ వెళ్ళేదండీ అంటారు. అంతే."

"అంటే, మనకి అంటగట్టి వాళ్ళు చేతులు దులుపుకున్నారన్నమాట. మా నానమ్మ సంగతి తెలుసా నీకు?"

"జైలుకెళ్ళారని చెప్పారు ఆయన."

"జైలు తర్వాత. మొదట ఇల్లు పోయింది. తద్దినం నాడు చనిపోయిన పెద్దలకి వడ్డించిన బల్ల ముందు వంగనంది. దొరసాని వద్దని చెప్పిందిట. కట్టుబట్టలతో, మా నాన్నని చంకనేసుకుని అత్తింటి గడప దాటింది. తరవాత మనల్ని ఏలిన జపానువాళ్ళు వాళ్ళ గుడి ముందు వంగమంటే దానికీ వంగలేదు, జైల్లో వేశారు. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ నోట్లో ముందు పళ్ళు లేవు. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఎవరి మాట మీద? ఆ ఊరి మాట మీద! ఆ ఊరేమో టీ ఇచ్చి పంపుతుందా?"

"ఇంకొకటుంది. చెప్పకూడదనుకున్నాను."

"ఇంత చెప్పి ఇంకేం మిగిల్చావు? చెప్పు."

"ఆ ఆఖరి రోజున దొరసాని వంశంలో ఒకావిడ వచ్చింది. మేనకోడలి మనవరాలట. టీచరు. లేచి మాట్లాడింది."

"మా దొరసాని గొప్పతనం చెప్పిందా?"

"క్షమాపణ చెప్పింది."

"దేనికి, తాళం వేసినందుకా?"

"కాదు. దొరసానిని మన దగ్గరికి పంపినందుకు. మావాళ్ళు పిలవని ఇంట్లోకి జొరబడ్డారు, మీ పెద్దల్ని మీకు కాకుండా చేశారు, తల్చుకుంటే సిగ్గుగా ఉంది అంది. మంచి మనిషే అత్తయ్యా. నిజంగానే ఏడ్చింది. అది చూసి అందరూ ఏడ్చారు."

"మంచి మనిషా?"

"మంచిదే."

"అయితే మా నానమ్మ చేసిందంతా వాళ్ళ పొరపాటా? వాళ్ళు పొరబడితే ఈవిడ పళ్ళు రాలగొట్టించుకుందా?"

"కూచోండి అత్తయ్యా."

"కూచునే ఉన్నాను. ఇంకెక్కడ కూచోమంటావు?"

"నీళ్ళు తేనా?"

"వద్దు. కళ్ళు తుడుచుకో నువ్వు. ఆగవే, ఆ కారం చేత్తోనా! ఇటు తిప్పు మొహం. ఊఁ. ఇప్పుడు విను. ముసలమ్మలు చచ్చిపోతే వాడేం చేస్తాడు? తాళం వాడు వేశాడా? తర్వాత ఇన్నాళ్ళూ అక్కడ ఏం చేశాడు?"

"మంచానపడ్డవాళ్ళని చూసుకునే ఆశ్రమంలో కూలికి చేరారు. స్నానాలు చేయించడం, అన్నాలు తినిపించడం."

"అదీ దేవుడి పనే. అయితే ఆదివారం నువ్వు లేవొద్దు. నేను లేస్తాను."

"ఫోటో గురించా?"

"అంతా. పటం నా చేత్తోనే దించుతాను. వాళ్ళ మందిరం మూతపడింది, వాళ్ళు వదిలేశారు, నా కొడుకు ఒక్కడే ఆఖరిదాకా నిలబడ్డాడని చెప్తాను. వాడు దాచాడనీ చెప్తాను. తోక్‌జా ఓ వారం సాగదీస్తుంది, తియ్యనీ. చీటీలు మాత్రం వాడికే పడతాయి. నిలబడ్డవాడంటే మన ఊళ్ళో విలువుంది."

"వద్దత్తయ్యా. మీరు లేవొద్దు."

"ఎందుకు లేవను? మా నానమ్మ కథ కూడా చెప్తాను. ఆవిడ మునిమనవడు వాడు. ఆ టీచరమ్మకి మొహం మీదే ఇచ్చుంటాడు జవాబు. ఏమిచ్చాడు? అది చెప్పు, నా మాటల్లో అదే పెద్దముక్క."

"వదిలేయండి."

"సిగ్గు మీకుంటే మీరు పడండి, మేం పడం అన్నాడా?"

"ముల్లంగి అయిపోయినట్టుంది, తెస్తాను."

"కదిలావంటే చూడు! మా నానమ్మ తరఫున ఆ గదిలో ఉన్నది వాడొక్కడే. ఏమన్నాడు వాడు?"

"ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, పర్లేదమ్మా, మావాళ్ళందరి తరఫునా మిమ్మల్ని క్షమిస్తున్నాను అన్నారు."