మోగని చెక్క

“ఏమయ్యా, నీకు గాలి సోకిందని కోటమ్మత్త బజారంతా చెబుతోంది. పొద్దస్తమానం చెక్కని నొక్కుతా తలూపుతున్నావంట.”

పెళ్లాం అట్టా అన్నా, పెళ్లిమేళంలో క్లారినెట్ ఊదే మస్తాన్‌రావు చెక్క మీంచి చెయ్యి తీయలేదు. దానిమీద సుద్దతో కీబోర్డు మెట్లు గీసుకున్నాడు. పక్కన బొమ్మల పుస్తకం. రాగం వినపడుతున్నది అతనొక్కడికే.

“గుంటూరు నించి కీబోర్డు ఎల్లుండొస్తదే. ఆ మర్నాడే శావల్యాపురంలో పెళ్లి. మేళంలో ఇక క్లారినెట్ వద్దంటన్నారు, ఈలోపు ఇది నేర్చుకోకపోతే నన్ను తీసేస్తారు. ఏ వేలు ఎక్కడెయ్యాలో ఇందులో బొమ్మలేసి చూపిచ్చారు.”

“ఏదీ, పెళ్లికూతురి పాట కానీ.”

ఆమె కూనిరాగం తీసింది. అతను నొక్కాడు.

“తప్పు.”

“మోగని చెక్కలో తప్పెట్టా తెలిసిందే నీకు?”

“తప్పు నొక్కినప్పుడల్లా నాలిక కరుచుకుంటన్నావు. పెళ్లిలో చెవిటోళ్లక్కూడా తెలిసిపోద్ది.”