అక్టోబర్ పద్నాలుగు చీటీ

విన్నిపెగ్‌లో ఫిబ్రవరి మధ్యాహ్నం. హిల్డా ఫ్రీసెన్‌ను అంబులెన్స్ తీసుకెళ్ళి గంటయింది. కిటికీలన్నీ బార్లా తెరిచిన ముందుగదిలో, ఆర్పేసిన గ్యాస్ ఫైర్‌ప్లేస్ దగ్గర ఇద్దరే ఉన్నారు: ఆమె భర్త ఎల్మర్, ఒకప్పుడు అతని దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు కబురు తెలిసి వచ్చిన గ్యాస్ మెకానిక్ బ్రెండా కోవల్‌చుక్.

"కోటు తొడుక్కోండి మాస్టారూ. బయట మైనస్ ఇరవై ఎనిమిది. కిటికీలు ఇప్పుడప్పుడే మూయడానికి లేదు."

"నా కోటు సంగతి తర్వాత. ముందు వాణ్ణి పట్టుకో బ్రెండా. పక్కింట్లో ఉండే ఆ మెట్రో అనేవాణ్ణి."

"ఆయనేం చేశాడు? సోఫాలో పడిపోయిన అమ్మగారిని కిటికీలోంచి చూసి, పరుగున వచ్చి బయటికి మోసుకెళ్ళింది ఆయనే కదా!"

"అదే నేనూ అడుగుతున్నా. సరిగ్గా ఆ టైముకి మా కిటికీలోకి వాడికేం పని? వాడి దగ్గర మంచు ఎగజిమ్మే మెషిన్ ఉందే, మంచంతా మా పొగగొట్టం మీదికే కొడతాడు. గొట్టం మూసుకుపోయింది, విషవాయువు ఇంట్లోకి తన్నింది. నలభై ఏళ్ళు ఈ పని చేసినవాణ్ణి, నాకు తెలీదా?"

"గొట్టం చూసొచ్చాను. చుట్టూ మూడడుగులు పారతో తీసి ఉంది. అద్దంలా ఉంది."

"ఇప్పుడు తీసుంటాడు, దొంగ వెధవ."

"పార గుర్తుల మీద మంచు గడ్డకట్టింది. తీసి రోజులయింది. మీకోసం ఆయనే తీస్తున్నాడు. మీరు గ్యారేజీకి వెళ్ళేది అటు పక్కనుంచే. చూళ్ళేదా?"

"వాడి మొహం నేను చూడను. వాడి వైపే చూడను."

"సరే. మరి ఈ చీటీ? ఫైర్‌ప్లేస్ కింది తలుపు లోపల తీగకి వేలాడుతోంది."

"ఏం చీటీ?"

"సర్వీసు చీటీ. ఏటా పనయ్యాక మనం రాసి కట్టేది. 'దీని మీద పేరు రాశావంటే ఆ ఇంట్లో కూర్చునేవాళ్ళ ప్రాణం నీ పూచీ' అని మీరే నాకు నేర్పారు. దీని మీద బి.కె. అని ఉంది. నా పేరు. నేను రాయలేదు మాస్టారూ."

"మర్చిపోయుంటావు."

"మర్చిపోతానా! సెప్టెంబర్లో ఫోన్ చేస్తే తర్వాత చూద్దామన్నారు. నవంబర్లో చేస్తే వేరేవాళ్ళు వచ్చి చేసేశారన్నారు."

"అవును, వచ్చాడు. ఒకతను."

"ఏ కంపెనీ?"

"తెల్ల వ్యాను."

"అందరివీ తెల్ల వ్యాన్లే. గుమ్మంలో బూట్లు విప్పాడా, బూట్ల మీద సంచులు తొడిగాడా?"

"విప్పాడు... కాదు, సంచులు... ఏంటే ఇది, పోలీసులా నిలబెట్టి అడుగుతున్నావు?"

"వాళ్ళూ అడుగుతారు. నాలుగింటికి గ్యాస్ తనిఖీ అధికారి డెజార్లే వస్తున్నాడు. పది నిమిషాలు కూడా లేదు. ఆ చీటీ చూశాడంటే నా లైసెన్సు పోతుంది. అమ్మగారికి జరగరానిది జరిగితే నేను జైలుకే. ఎప్పుడొచ్చాడు ఆ మనిషి?"

"అక్టోబర్ పద్నాలుగు. సోమవారం."

"ఆ సోమవారం ఏమిటో గుర్తుందా? థాంక్స్‌గివింగ్ పండగ! ఊరు ఊరంతా సెలవు పెట్టి టర్కీ కోడి కోసుకు తినే రోజు. ఆ రోజు ఏ మెకానిక్ వస్తాడు మీ గుమ్మంలో బూట్లు విప్పడానికి? నేను గిమ్లీలో మా అక్కింట్లో ఉన్నాను, పదిమంది సాక్షులు. సరే, విషవాయువు అలారం ఎందుకు మోగలేదు?"

"మోగలేదా? కొత్త బ్యాటరీ వేశానే!"

"బ్యాటరీ కొత్తదే. అలారమే పాతది. వెనకాల గడువు తేదీ రాసుంది, అది దాటి ఏడాదయింది. గాజు పలక చుట్టూ పొగ బయటికి రాకుండా ఆపే గాస్కెట్ పట్టీ ఊడి వేలాడుతోంది. అలంకారానికి పెట్టే పింగాణీ దుంగ ఒకటి మంట సరిగా మండకుండా బర్నర్ రంధ్రాల మీద పడుంది. గాజంతా మసి, వంటింటి పెనంలా. ఇంత మసి ఒక్క రోజులో పట్టదు. చూసి కూడా ఊరుకున్నారు."

"నేనా?"

"మీరే. అమ్మగారు రోజూ ఇక్కడే కూర్చుని స్వెటర్ అల్లుకుంటుంది. మీరేమో గ్యారేజీలో ఉంటారు, గాలి తగిలేచోట."

"ఏమంటున్నావు నువ్వు?"

"ఎల్మర్ ఫ్రీసెన్ పెళ్ళాన్ని చంపబోయాడని డెజార్లే అంటాడు. నాకూ ఇందాకట్నుంచి అదే అనిపిస్తోంది."

"బ్రెండా! హిల్డా లేకపోతే నేను ఈ గుమ్మం దాటి..."

"గుమ్మం దాటి?"

"ఏం లేదు."

"చీటీ రాసిందెవరో నాకు తెలుసు మాస్టారూ. ఏటా క్రిస్మస్‌కి ఈ ఇంటి నుంచి నాకు సస్కటూన్ పళ్ళ జామ్ వస్తుంది. సీసా మూత మీద ఇవే గుండ్రటి అక్షరాలు."

"హిల్డాని ఇందులోకి లాగకు."

"లాగను. పట్టుకోండి ఈ చీటీ. పైకి చదవండి."

"ఎందుకు?"

"చదవండి."

"అక్టోబర్ పద్నాలుగు. గాజు, గాస్కెట్, దుంగలు అన్నీ బాగున్నాయి. బి.కె. చాలా?"

"మీ చేతిలో ఉన్నది అదే తీగకున్న అంతకు ముందు ఏడాది చీటీ. నేను రాసింది. సెప్టెంబర్ ఇరవై మూడు. కళ్ళు కనబడనిది ఎప్పట్నుంచి మాస్టారూ?"

"ఏడాది దాటింది. అంచులు కనబడతాయి. మధ్యలో ఏం లేదు. నీ మొహం ఉండాల్సినచోట బూడిద ముద్ద."

"నాకు చెప్పలేదు."

"హిల్డాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పిల్లలు టర్కీకి వస్తున్నారు, ఫైర్‌ప్లేస్ వెలిగించాలి. నిన్ను పిలిస్తే నా కళ్ళ సంగతి పట్టేస్తావు. కళ్ళు పోతే ఏం, చేతులున్నాయి కదా అనుకున్నా. దుంగలన్నీ తడిమి తడిమి పెట్టాను. చీటీ రాయడం మాత్రం చేతకాలేదు. ఎవరి పేరు రాయమంటావ్ అంది హిల్డా. ఎప్పట్లాగే బ్రెండా పేరు రాసెయ్ అన్నా."

"రాసి, దాని ముందే కూర్చుంది."

"రోజూ కూర్చుంది. 'బాగా చేశావ్ ఎల్మర్, వెచ్చగా ఉంది' అనేది. ఆ వాయువుకి తల పగిలిపోతున్నా అలాగే అనేదేమో, నాకేం తెలుసు!"

"తలుపు తీసే ఉంది, లోపలికొచ్చేశాను. నేను డెజార్లే, గ్యాస్ తనిఖీ అధికారిని. ఫ్రీసెన్ గారు మీరేనా? ఆసుపత్రికి ఫోన్ చేసే వస్తున్నాను. ఆవిడ కళ్ళు తెరిచారు."

"బతికిందా? మాట్లాడిందా?"

"మాట్లాడారు. మొట్టమొదటి మాట విని నర్సే తెల్లబోయిందట. 'చీటీ రాసింది నేను, తప్పంతా నాదే, ఎల్మర్‌కేం తెలీదు' అన్నారట. ఏం చీటీ అది? తప్పు ఆవిడదేనని రాసుకోమంటారా?"

"మాస్టారూ, మీరు కూర్చోండి. నేను చెప్తాను."

"నువ్వు చెప్పకు బ్రెండా. హిల్డా అబద్ధమాడుతోంది డెజార్లే. పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో రెండో అబద్ధం. మొదటిది ఈ చీటీ. రెండూ నాకోసమే. మీ కాగితం ఇటివ్వండి."

"ఇదిగో. ప్రమాదానికి కారకుడి పేరు అడుగున రాయాలి."

"గీత ఎక్కడుందో నా వేలు పట్టి చూపించు బ్రెండా. ఎల్మర్ ఫ్రీసెన్ అని నా పేరు నేనే రాస్తాను."